గారేజీ ఉపమానము - దాని హద్దులు

1956 నోబెల్ బహుమతి పంచుకొన్న విలియం షాక్లీ, అంతకు ఆరేండ్ల ముందు, 1950లో, అర్ధవాహకములలోని ఎలక్ట్రానులను, రంధ్రములను గూర్చి ఇంగ్లీషున ఒక ఉద్గ్రంథము వెలువరించెను. అందలి మోటారు గారేజీ ఉపమానము మిక్కిలి ప్రసిద్ధము. క్రింది అంతస్తు కారులతో క్రిక్కిరిసి యున్నది; పై అంతస్తు ఖాళీ. క్రింద ఒక్క కారైనను కదలదు. ఒకదానిని పైకి చేర్చినచో అది అచట స్వేచ్ఛగా తిరుగును. క్రింద మిగిలిన ఖాళీలోనికి ప్రక్క కారు జరుగును, దాని చోటికి మరియొకటి. చూపరికి ఖాళీయే ఎదురు దిశను నడచినట్లుండును. ఆ ఖాళీయే రంధ్రము.

ఎలక్ట్రానులకు స్ఫటికములో అనుమతింపబడిన శక్తుల శ్రేణిని పట్టీ యందురు. నిండిన పట్టీలో విద్యుత్తు ఏల ప్రవహింపదో ఈ బొమ్మ చక్కగా బోధించును. అయితే హాల్ ప్రయోగము ముందు ఇది నిలువదు.

విద్యుత్తు ప్రవహించు పలకను అయస్కాంత క్షేత్రమున అడ్డముగ నుంచినచో వాహకములు ఒక అంచునకు ఒరుగునని 1879లో ఎడ్విన్ హాల్ చేసిన ప్రయోగము వలన తెలియుచున్నది. ప్రవాహ దిశ ఒకటే యైనచో, ధనావేశమైనను ఋణావేశమైనను ఒరుగునది ఆ అంచునకే. గారేజీలో నిజముగ కదలునవి కారులు, అనగా ఎలక్ట్రానులు. అవి సామాన్య కణములైనచో ఆ అంచు ఋణము కావలెను. కాని బోరాన్ కలిపిన సిలికానులో అది ధనమగుచున్నది!

చిక్కు విప్పునది ప్రభావ ద్రవ్యరాశి. స్ఫటికములోని పరమాణువుల ప్రభావమును తనలో ఇముడ్చుకొని, బయటి బలమునకు ఎలక్ట్రాను ఎట్లు త్వరణము చెందునో తెలుపు రాశి యిది. ఎలక్ట్రాను శక్తికిని తరంగ సంఖ్యకును గీచిన రేఖ వంపును బట్టి ఇది నిర్ణయమగును. పట్టీ అడుగున ఇది ధనము. పట్టీ కొనయందు ఋణము. కొనయందలి ఎలక్ట్రాను బలమునకు ఎదురు దిశను త్వరణము చెందును. కనుకనే అచటి లోటు, ధనావేశమును ధన ద్రవ్యరాశియు గల కణమువలె వర్తించును. ధన హాల్ ఫలితమునకు 1929లో పైయెర్ల్స్ చూపిన కారణమునకు మూలము ఇదే. అంతేకాదు, సిలికానులో రంధ్రములు రెండు రకములు: స్వేచ్ఛా ఎలక్ట్రాను ద్రవ్యరాశిలో సుమారు 0.49 వంతు గలవి, 0.16 వంతు గలవి. గారేజీలోని ఖాళీకి రెండు బరువు లెక్కడివి?

దోషము షాక్లీది కాదు. ఆయన గ్రంథము మూడవ భాగమున క్వాంటం సిద్ధాంతపు పునాదులను వివరించెను. దోషము బొమ్మను మాత్రము ఎత్తి వ్రాసి ఊరకుండు పాఠ్యగ్రంథములది. వాటిని చదివిన విద్యార్థి ప్రయోగశాలలో ధన గుర్తును చూచి, "రంధ్రము ధనావేశము గనుక" అని వ్రాయును. కదలునవి ఎలక్ట్రానులే గదా యని ఎదురడిగినచో అతనికి సమాధానము దొరకదు. ఉపమానము చెప్పిన పుటలోనే దాని హద్దును గూడ చెప్పుట రచయితల విధి.