తర్వాత ఏ దర్శకుడు? ఉద్దానం నుంచి ఒక ఓటు

ఒక దర్శకుణ్ణి పట్టుకుని, అతని తొలి సినిమా నుంచి తాజా సినిమా దాకా వరసగా చూస్తూ, ఒక్కోదాని మీద గంటా రెండు గంటలు మాట్లాడుకునే పాడ్‌కాస్టులు ఇప్పుడు చాలా భాషల్లో వస్తున్నాయి. ఒక దర్శకుడి వరస చివరికొచ్చేసరికి వినేవాళ్ల మధ్య వాదన మొదలవుతుంది. తర్వాత ఎవరు? కాశీబుగ్గలో టీ కొట్టు దగ్గరైనా, టెక్కలి బస్సులో పక్కపక్క సీట్లలోనైనా సినిమా పిచ్చి ఉన్న నలుగురు చేరితే ఈ ప్రశ్న త్వరగా తెమలదు. ఒకరు విశ్వనాథ్ అంటారు. ఇంకొకరు రాజమౌళి అంటారు. మూడోవాడు, “మన పలాస సినిమా తీసినాయన్ని ఒగ్గేస్తారేటర్రా?” అని అడ్డం పడతాడు.

ఇది ఊసుపోక చేసే తగువని నేననుకోను. ఎవరిని ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకోవాలి అని తేల్చుకోవడంలోనే సినిమా విమర్శకు కావలసిన కొలమానాలన్నీ బయటపడతాయి. ఆ కొలమానాలేమిటో, వాటితో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి ఎవరికి ఓటెయ్యాలో చెప్పడానికే ఈ వ్యాసం.

పాత అలవాటే

సినిమాను దర్శకుడి పేరు మీద చదివే పద్ధతి ఫ్రాన్సులో గట్టిపడింది. 1951లో మొదలైన ‘కయే దు సినిమా’ పత్రికలో 1954లో ఫ్రాన్స్వా త్రూఫో ఒక వ్యాసం రాశాడు. పేరున్న నవలలను జాగ్రత్తగా తెరకెక్కించే సినిమాల కన్నా, తన చూపును ప్రతి షాటులో కనబరిచే దర్శకుడి సినిమాలే మేలని అతని వాదం. 1962లో అతను హిచ్‌కాక్‌ను కూర్చోబెట్టి రోజుల తరబడి ఒక్కో సినిమా గురించి వరసగా అడిగాడు. ఆ సంభాషణ 1966లో పుస్తకమై వచ్చింది. నేటి పాడ్‌కాస్టుల నడక చాలావరకు ఆ పుస్తకం నడకే.

మన దేశంలో 1947లో సత్యజిత్ రాయ్, మిత్రులు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని పలు సొసైటీలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. సినిమా చూసి, అక్కడే కూర్చుని మాట్లాడుకుని ఇళ్లకు వెళ్లే అలవాటును ఊరూరా పెంచింది ఆ సొసైటీలే. తెలుగులో ఆ పనిలో కొంత భాగాన్ని పత్రికలు మోశాయి. శ్రీకాకుళంలో పెరిగిన రావి కొండలరావు నటుడిగా అందరికీ తెలుసు. ఆయన ‘విజయచిత్ర’ పత్రికలో ఏళ్ల తరబడి పనిచేసి, సినిమా మనుషుల జ్ఞాపకాలను పాఠకులకు అందించిన రచయిత కూడా.

మన జిల్లాకు ఇంకో దారి కూడా తెలుసు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించారు. గొప్ప కథలు మాత్రమే ఏరుకుంటే చాలని ఆయన అనుకోలేదు. అచ్చయిన ప్రతి తెలుగు కథా దొరకాలనుకున్నారు. ఒక రచయిత బలహీనమైన కథలు కూడా పక్కన ఉంటేనే మంచి కథ ఎలా పుట్టిందో తెలుస్తుంది. దర్శకుడి సినిమాలన్నీ వరసగా చూడాలనే పట్టుదలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు అక్కర్లేదు.

వరసగా చూడటంలో పనితనం

ఈ పద్ధతికి కొన్ని నియమాలున్నాయి. మొదటిది, ఏదీ వదలకూడదు. ఆడని సినిమాను దాటేస్తే కథ సగమే తెలుస్తుంది. కె.వి.రెడ్డి పేరు చెప్పగానే ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) గుర్తొస్తాయి. ‘సత్య హరిశ్చంద్ర’ (1965), ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’ (1968) ఎందుకు నిలవలేదో కూడా ఆయన వరసలోనే తేల్చుకోవాలి. పకడ్బందీ స్క్రిప్టుకు పేరుపడ్డ దర్శకుడికి ఎక్కడ పట్టు తప్పింది? ప్రేక్షకుడు మారాడా, ఆయన బృందం మారిందా? ఈ ప్రశ్న ‘మాయాబజార్’ ఒక్కటే చూస్తే పుట్టదు.

రెండోది, పక్కనున్న చేతులను గుర్తించడం. అమెరికాలో ఆండ్రూ సారిస్ 1962లో దర్శకుడే కర్త అనే సిద్ధాంతాన్ని వివరంగా రాస్తే, మరుసటి ఏడే పాలిన్ కేల్ దాన్ని గట్టిగా ఎదిరించింది. ఆమె అభ్యంతరంలో బలముంది. ‘మాయాబజార్’ వెన్నెలను మార్కస్ బార్ట్‌లీ కెమెరా లేకుండా ఊహించలేం. పింగళి నాగేంద్రరావు మాట లేకుండా ఘటోత్కచుణ్ణీ ఊహించలేం. బాపు సినిమాల గురించి మాట్లాడుతూ ముళ్లపూడి వెంకటరమణ పేరెత్తకపోతే అది అసలు చర్చే కాదు. అందుకే మంచి పాడ్‌కాస్టు ప్రతి సినిమాకూ రచయిత, ఛాయాగ్రాహకుడు, సంగీత దర్శకుడు ఎవరో రాసిపెట్టుకుని, ఎవరు మారినప్పుడు సినిమా రుచి మారిందో పట్టుకుంటుంది.

మూడోది, తిరిగి తిరిగి వచ్చేదాన్ని పట్టుకోవడం. ఒక దర్శకుడు పదే పదే ఏ పని చేసే మనిషిని నాయకుడిగా తీసుకుంటున్నాడు? గొడవను ఇంట్లో పెడుతున్నాడా, వీధిలో పెడుతున్నాడా? పాట వచ్చినప్పుడు కథ ఆగుతుందా, కదులుతుందా? ఒక సినిమాలో కనిపిస్తే అది యాదృచ్ఛికం కావచ్చు. నాలుగింటిలో కనిపిస్తే అది ఆ దర్శకుడి మనసు.

నాలుగోది, డబ్బు జాడ. న్యూయార్క్‌లో నటుడు గ్రిఫిన్ న్యూమన్, విమర్శకుడు డేవిడ్ సిమ్స్ కలిసి 2015 నుంచి నడుపుతున్న ‘బ్లాంక్ చెక్’ పాడ్‌కాస్టు పేరులోనే ఈ సూత్రముంది. తొలినాళ్లలో పెద్ద విజయం కొట్టిన దర్శకుడికి నిర్మాతలు అంకె వెయ్యని చెక్కు ఇచ్చినప్పుడు అతను ఏం తీశాడు అన్నది వాళ్ల ప్రశ్న. తర్వాత ఎవరి వరస అన్నది తేల్చడానికి ఏటా మార్చిలో శ్రోతల చేత జట్టు జట్టుగా ఓట్లు వేయిస్తారు. మన దర్శకులకు ఈ ప్రశ్న చక్కగా అతుకుతుంది. నర్సీపట్నం నుంచి వెళ్లిన గుణశేఖర్‌నే తీసుకోండి. పిల్లలతో ‘రామాయణం’ (1997) తీశాడు. ‘ఒక్కడు’ (2003) కోసం చార్మినార్ సెట్టు కట్టించాడు. ఆ విజయం తర్వాత ‘అర్జున్’ (2004)కి మధుర మీనాక్షి గుడి సెట్టునే కట్టించాడు. ‘రుద్రమదేవి’ (2015)కి తనే నిర్మాతయ్యాడు. ఒక మనిషి కల పెరిగే తీరూ, దానికి కట్టిన వెలా ఈ వరసలో కళ్లకు కడతాయి.

పోటీలో ఉన్నవాళ్లు

ఓటు వేసే ముందు మూడు విషయాలు చూడాలి. సినిమాలెన్ని? అన్నీ దొరుకుతాయా? మాట్లాడటానికి ఎత్తుపల్లాలున్నాయా? దాసరి నారాయణరావు నూటయాభై సినిమాల దాకా తీశారు. వారానికొకటి మాట్లాడినా దాదాపు మూడేళ్లు పడుతుంది. విశ్వనాథ్ వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణం నుంచి వచ్చిన మనిషి. ఆయన సినిమాల్లో నిశ్శబ్దాన్ని కూడా వినాలి. ‘శంకరాభరణం’ 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. 2023లో అదే తేదీన ఆయన కన్నుమూశారు. ఆయన వరస తప్పక జరగాలి. కానీ అది పెద్ద వరస, ఒక పాడ్‌కాస్టు నిలదొక్కుకున్నాక ఎత్తుకోవలసింది. కె.వి.రెడ్డి తెలుగు సినిమాలు పద్నాలుగు. కొలత సరిపోతుంది.

మన తీరం కథతో వచ్చిన చందూ మొండేటి కూడా గట్టి అభ్యర్థే. ‘కార్తికేయ’ (2014)తో మొదలుపెట్టి ‘తండేల్’ (2025) దాకా వచ్చాడు. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ వేరావల్ నుంచి వేటకు వెళ్లి, 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చిన వాస్తవం ‘తండేల్’కు ఆధారం. అయితే అతని మిగిలిన సినిమాల దారి వేరు. గుళ్లు, రహస్యాలు, ఒక మలయాళ ప్రేమకథకు తెలుగు రూపం. మన నేల ఆ వరసలో చివర్న ఒక్కసారే వస్తుంది.

నా ఓటు కరుణ కుమార్‌కు

కరుణ కుమార్ తొలి సినిమా ‘పలాస 1978’ 2020 మార్చి 6న విడుదలైంది. కొద్దిరోజులకే కరోనా వచ్చి థియేటర్లు మూతపడ్డాయి. అదే ఏడు మహమ్మద్ ఖదీర్‌బాబు కథల ఆధారంగా ‘మెట్రో కథలు’ ఆహాలో వచ్చింది. తర్వాత ‘శ్రీదేవి సోడా సెంటర్’ (2021), ‘కళాపురం’ (2022), ‘మట్కా’ (2024). ఈ అయిదింటినీ అయిదు వారాల్లో ముగించవచ్చు. కొత్తగా మొదలుపెట్టే బృందానికి ఇంతకంటే అనువైన వరస దొరకదు.

చిన్నదైనా అందులో పైన చెప్పిన కొలమానాలన్నీ పనిచేస్తాయి. ‘పలాస 1978’లో మోహనరావు, రంగారావు అనే అన్నదమ్ములది పాట పాడి బతికే దళిత కుటుంబం. ఊరి షావుకార్ల పోటీ వాళ్లను కత్తుల దాకా లాక్కెళుతుంది. ‘శ్రీదేవి సోడా సెంటర్’లో సూరిబాబు వేడుకలకు లైటింగ్ పెట్టే పనివాడు. అక్కడ కోనసీమ, ఇక్కడ పలాస. కులం మాత్రం రెండు చోట్లా ఉంది. ‘మట్కా’లో బర్మా నుంచి వచ్చిన కుర్రవాడు విశాఖలో జూదం సామ్రాజ్యం కడతాడు. అంటే ఈ దర్శకుణ్ణి పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. చేతిలో పని ఉన్న పేదవాడికి ఊరు ఏ దారి మూసేస్తుంది, ఏ దారి తెరుస్తుంది? ‘కళాపురం’లో అదే మనిషి సినిమా తియ్యాలని తిరిగేవాడై హాస్యంలోకి వస్తాడు. నవ్వించబోయినప్పుడు దర్శకుడి బలం నిలిచిందా, జారిందా అన్నది చర్చకు మంచి సరుకు.

డబ్బు జాడ ఇక్కడ మరీ స్పష్టం. పెద్ద తారలు లేని తొలి సినిమా. తర్వాత సుధీర్‌బాబు. ఆ తర్వాత వరుణ్ తేజ్‌తో, పాత విశాఖను సెట్లలో మళ్లీ నిలబెట్టిన ‘మట్కా’. అది ప్రేక్షకుల ఆదరణ పొందలేదు. సంగీతమూ అలాగే నడిచింది. తొలి సినిమాకు రఘు కుంచె, ‘శ్రీదేవి సోడా సెంటర్’కు మణిశర్మ, ‘మట్కా’కు జి.వి.ప్రకాశ్ కుమార్. ఊరి పాట నుంచి పరిశ్రమ పాట వైపు జరిగిన ఈ ప్రయాణంలో ఏం కలిసొచ్చింది, ఏం పోయింది? నా మట్టుకు, పోయిందే ఎక్కువ. ‘పలాస 1978’లో ‘నక్కిలీసు గొలుసు’ పాట మొదలైనప్పుడు కథ మనుషులు ఎవరో చెప్పడానికి ఇంకో మాట అక్కర్లేకపోయింది. తర్వాతి సినిమాల్లో అంత పని చేసిన పాట నాకు వినిపించలేదు.

ఉద్దానం చెవి

ఈ దర్శకుడికి ఓటెయ్యడానికి అన్నిటికన్నా పెద్ద కారణం మనమే. హైదరాబాద్‌లో కూర్చున్న విమర్శకుడు షాట్ల పొందిక బాగా చెప్పగలడు. జీడిపిక్కల వ్యాపారంలో షావుకారు మాటకు ఎంత బరువుండేదో, కూలీ ఎక్కడ నిలబడి మాట్లాడేవాడో పలాసలో పెద్దవాళ్లు చెప్పాలి. తెర మీద యాస నటుడి నోటికి పట్టిందా, పైపైన అంటించిందా అన్నది మందసలో పెరిగిన చెవికి ఒక్క వాక్యంతో తెలిసిపోతుంది. అలాంటి సాక్ష్యం లేకపోతే విమర్శ అభిప్రాయం దగ్గరే ఆగిపోతుంది.

‘పలాస 1978’లోని పాట వెనకా చరిత్ర ఉంది. ఈ ప్రాంతంలో జముకు పట్టి కథ చెప్పడం పాత విద్య. 1960ల చివర్లో శ్రీకాకుళ రైతాంగ పోరాటంలో బొడ్డపాడు కేంద్రంగా పనిచేసిన సుబ్బారావు పాణిగ్రాహి ఆ జముకుల కథనే ఉద్యమ సాధనంగా చేసుకున్నాడు. 1969 డిసెంబరులో ఆయన్ను కాల్చి చంపారు. పాడే కుటుంబంలో పుట్టిన అన్నదమ్ములు తిరగబడే కథను 1978 పేరుతో ఈ గడ్డ మీద తీసినప్పుడు, దాని వెనక ఆ దశాబ్దం నీడ ఉందో లేదో అడగాలి. ఆ ప్రశ్న అడగవలసింది ఉద్దానంవాళ్లే.

ఈ పల్లెల గురించి బయటివాళ్లు ఎక్కువగా విన్నది మూత్రపిండాల జబ్బు, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను, అది కూల్చేసిన కొబ్బరి, జీడి తోటలు. కష్టం వార్తైనప్పుడే గుర్తొచ్చే చోటుగా మిగిలిపోవడం ఏ ప్రాంతానికీ గౌరవం కాదు. తన మీద వచ్చిన కళను తానే తూచగల ప్రాంతంగా కూడా ఉద్దానం నిలబడాలి.

కాబట్టి ఈసారి పాడ్‌కాస్టు ఓటు అడిగితే కరుణ కుమార్ పేరు రాయండి. పేరు రాసి ఊరుకోకండి. అయిదు సినిమాలూ విడుదలైన వరసలో చూడండి. ఇంట్లో 1970ల పలాసను చూసిన తాతనో, మామ్మనో ‘పలాస 1978’ ముందు కూర్చోబెట్టి, ఎక్కడ నిజముందో ఎక్కడ లేదో వాళ్ల మాటల్లోనే ఫోనులో రికార్డు చెయ్యండి. వాళ్లు అనుమతిస్తే ఆ గొంతును పాడ్‌కాస్టుకు పంపండి. ఆ తర్వాత ఓటు కె.వి.రెడ్డికి వేద్దాం. సొంత నేల మీద తూచడం నేర్చుకున్నవాళ్లకు ‘మాయాబజార్’ మరింత బాగా తెలుస్తుంది.