కంప్యూటర్ ఆర్కిటెక్చర్ – పరిమాణాత్మక పద్ధతి: దివిసీమ తీరం నుంచి ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

జాన్ హెనెసీ, డేవిడ్ పాటర్సన్ రచించిన 'కంప్యూటర్ ఆర్కిటెక్చర్: ఎ క్వాంటిటేటివ్ అప్రోచ్' 1990లో తొలిసారి వెలువడింది. ఉన్నతస్థాయి కంప్యూటర్ నిర్మాణశాస్త్ర బోధనకు నేటికీ ఇది ప్రధాన ఆకరగ్రంథం. రచయితలిద్దరికీ 2017 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఈ గ్రంథపద్ధతి మన తరగతిగదిలో ఎంతవరకు నిలిచింది? గ్రంథంలోనే కనిపించే కొరత ఏమిటి? పాలకాయతిప్ప తీరాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గ్రంథపద్ధతి

యంత్రభాగాలను వర్ణించడంతో ఈ గ్రంథం తృప్తిపడదు. ప్రతి నిర్మాణ నిర్ణయాన్నీ కొలతకు నిలబెడుతుంది. ప్రోగ్రాం నడిచే కాలాన్ని ఆదేశాల సంఖ్య, ఒక్కో ఆదేశానికి పట్టే సగటు క్లాక్ సైకిళ్లు, ఒక సైకిల్ వ్యవధి అనే మూడింటి లబ్ధంగా చూపుతుంది. అధ్యాయాల చివర అపోహలను, పొరపాట్లను ప్రత్యేకంగా చర్చిస్తుంది. యంత్రపు గరిష్ఠ వేగాన్ని బట్టి వాస్తవ వేగాన్ని ఊహించవచ్చుననడం అలాంటి అపోహల్లో ఒకటి.

3. బోధనలో జరుగుతున్నది

ఫ్లిన్ 1966లో చేసిన వర్గీకరణను వివరించండి, పైప్‌లైన్ అవరోధాలను తెలపండి, క్యాష్ నిర్మాణాన్ని పటంతో వర్ణించండి – మన ప్రశ్నపత్రాల్లో తరచుగా కనిపించే ప్రశ్నల తీరు ఇది. వీటికి జవాబు నిర్వచనంతోనే ముగుస్తుంది. ఆమ్డాల్ సూత్రాన్ని తప్పులేకుండా రాసే విద్యార్థి, పనిలో 5 శాతం సమాంతరీకరణకు లొంగకపోతే ఎన్ని ప్రాసెసర్లు చేర్చినా వేగం 20 రెట్లు దాటదన్న పర్యవసానం దగ్గర ఆగిపోతాడు. గ్రంథం చేసిన తీర్మానాలు మిగిలాయి. అక్కడికి చేర్చిన పద్ధతి జారిపోయింది.

4. తీరం చూపే ఉదాహరణ

కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి చేరువలోనిది పాలకాయతిప్ప. 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని బలిగొన్నది. నేడు తుఫాను గమనాన్ని ముందుగా అంచనా వేయడానికి వాతావరణాన్ని గడులుగా విభజించి లెక్కగట్టే నమూనాలు ఆధారం. గడి వెడల్పును సగానికి తగ్గిస్తే గడుల సంఖ్య నాలుగు రెట్లవుతుంది. గణన స్థిరంగా సాగాలంటే కాలవిరామాన్నీ సగం చేయాలి. అంటే పని ఎనిమిది రెట్లు పెరుగుతుంది. పైగా ప్రతి గడికీ పొరుగు గడుల విలువలను మెమరీ నుంచి తెచ్చుకోవాలి. తెచ్చే దత్తాంశంతో పోల్చితే చేసే గణన స్వల్పం. అందువల్ల ఇక్కడ వేగాన్ని తరచుగా నిర్ణయించేది ప్రాసెసర్ శక్తి కాదు, మెమరీ నుంచి దత్తాంశం అందే వేగం.

2018లో నెలకొల్పిన ప్రత్యూష్, మిహిర్‌ల ఉమ్మడి సామర్థ్యం 6.8 పెటాఫ్లాప్స్ అని ప్రకటించారు. 2024లో వాటి తరువాతి తరంగా అర్క, అరుణిక వచ్చాయి. పత్రికలకెక్కే ఇలాంటి సంఖ్య గరిష్ఠ వేగానిది. గ్రంథం హెచ్చరించిన అపోహను తరగతిలో పరీక్షించడానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ మనకు లేదు.

5. గ్రంథంలోని కొరత

ఈ గ్రంథపు ప్రధాన కొలమానాలు ధర, విద్యుత్ వినియోగం, సగటు పనితనం. నిర్ణీత గడువులో పని ముగియవలసిన అవసరాన్ని ప్రస్తావించినా, దానికి చూపే ఉదాహరణ వీడియో ప్రదర్శన. అక్కడ గడువు తప్పితే ఒక దృశ్యం తడబడుతుంది. తుఫాను సూచన ఆలస్యమైతే, అది ఎంత సూక్ష్మమైనదైనా, ఊరు ఖాళీ చేయవలసిన వ్యవధిని తినేస్తుంది. సూక్ష్మతకూ గడువుకూ మధ్య బేరీజు ఇక్కడ నిర్మాణశాస్త్ర సమస్యే. పారిశ్రామిక అవసరాల నుంచి పుట్టిన గ్రంథంలో దీనికి తగిన చోటు దక్కలేదు.

6. ముగింపు

ఈ లోటును పూరించడానికి సూపర్ కంప్యూటర్ అక్కరలేదు. గడుల లెక్కను చిన్న ప్రోగ్రాంగా రాయించి, కళాశాల ప్రయోగశాలలోని యంత్రంపై పట్టిన కాలాన్ని కొలిపించి, ఆ యంత్రపు గరిష్ఠ వేగంతో పోల్చమంటే చాలు. రెండింటి మధ్య తేడా ఎందుకు వచ్చిందో విద్యార్థి చెప్పగలిగిననాడు ఈ గ్రంథం బోధించినట్లు లెక్క. అంతవరకు మనం బోధిస్తున్నది దాని విషయసూచికను మాత్రమే.