బాలభీముని ఆగడములు – కథకుని తీర్పు

బడిలో తోడివారిని కొట్టి యేడిపించు పిల్లవాని పక్షమున కథ చెప్పుట పాశ్చాత్యులు తెచ్చిన క్రొత్తపోకడ యని తలంచువారు కలరు. ఆదిపర్వము చదివినవా రట్లు తలంపరాదు. భీముడు ఒక్కడే కౌరవబాలుర నందఱను అల్లాడించెను. జుట్టుపట్టి యీడ్చెను, పదుగురిని ఒక్కమాఱు చేతుల నదిమి నీట ముంచి, ప్రాణములు కడబట్టిన వేళకు విడిచెను, పండ్లకై చెట్టెక్కినవారిని, మ్రాను తన్ని, పండ్లతోగూడ నేల రాల్చెను. వేటపాలెపు ఇసుకనేలలలో జీడిమామిడి చెట్లెక్కిన చీరాల పిల్లవానికి ఈ ఘట్టమునకు టీక అక్కఱలేదు.

ఇచ్చట వ్యాసు డొక తీర్పు చెప్పినాడు: ఇది బాల్యముచేతనే కాని ద్రోహబుద్ధిచేత కాదని. పండితులు సాధారణముగ దీనిని భీమునికి దొరకిన క్షమాపణముగ నెంచి ముందునకు సాగుదురు. అది తగదు. ఆ మాట కథకునిది. భీముడు దాని ననలేదు. నీట మునిగినవారు అసలే యనలేదు. పాణిని మతమున కర్త స్వతంత్రుడు. అతడు తన క్రియచే మిక్కిలిగ పొందగోరునది కర్మ. ఆ కర్మకు తన యిష్టానిష్టము లున్నవా యని సూత్రకారు డడుగడు. వ్యాకరణమునకు దానితో పనిలేదు. కథకు పనియున్నది. ‘భీముడు వారిని ముంచెను’ అన్నను, ‘వారు భీమునిచే ముంపబడిరి’ అన్నను అర్థ మొక్కటియే. కాని రెండవ వాక్యమున చదువరి నీటిలో నుండును. కర్మణిప్రయోగము తెలుగునకు సరిపడదందురు. బాలకథలకును సరిపడినట్లు లేదు.

తరువాత దుర్యోధనుడు ప్రమాణకోటివద్ద భీమునికి విషాన్నము పెట్టించి, తీగెలతో గట్టి, గంగలో ద్రోసెను. ముంచినవానిని నీటనే ముంచుట యాదృచ్ఛికము కాదు. దీనిచే దుర్యోధనుని పాపము తగ్గదు. అయినను ఆ విషమునకు ముందు ఆ మునుకలు కలవని తరగతిలో చెప్పని యుపాధ్యాయుడు సగము కథయే చెప్పినవాడు.

ఆగడపు పిల్లవాని నోటనే కథ నడపిన తెలుగుగ్రంథ మేదన, 1950 దశకమున ముళ్ళపూడి వెంకటరమణ వ్రాయగా బాపు బొమ్మలు గీసిన ‘బుడుగు’ మొదట స్ఫురించును. దాని భాష గ్రామ్యమని త్రోసివేయుటకు వీలులేదు. ఆ భాషను దిద్దినచో పిల్లవాడే మాయమగును. పెద్దల లోకమును ఉత్తమపురుషలో నింత నిస్సంకోచముగ తూచిన బాలుడు తెలుగున అంతకుముందు కనబడడు. కాని బుడుగు చేతికి చిక్కువారెవరు? ప్రైవేటు మాష్టర్లు, ఇరుగుపొరుగువారు, బాబాయి. అందఱును వానికంటె బలవంతులు. కావుననే మనము భయములేక నవ్వగలము. సీగాన పెసూనాంబ యన్ననో వానికి ఆటతోడు. బలము దుర్బలునిపైకి దిగినపుడే అల్లరి పీడయగును. ఆ మెట్టు బుడుగు దిగలేదు, రచయిత దింపగోరలేదు. హాస్యగ్రంథమున కది లోపము కాదు.

భీముని పనులు, బుడుగు నోరు – ఈ రెండును కలిసిన కథయే ఈ విషయమునకు నిజమైన పరీక్ష. అందు ‘చిన్నతనము’ అను మాట కవి చెప్పరాదు. పిల్లవాడే చెప్పవలెను, చదువరి నమ్మకపోవలెను. పశ్చాత్తాపమును తొందరపడి వానిచేత పలికించినచో అది పంతులుగారి గొంతే యగును. వాడు తాను చూచినది చూచినట్లు, గొప్పగా చెప్పుకొనిన చాలును: నీటిపైకి ఎన్ని బుడగలు లేచినవో, ఎవని చేతులు ముందుగా కొట్టుకొనుట మానినవో.