లుకేమియా పట్టిక: ఒక విమర్శ

తీవ్ర మైలాయిడ్ లుకేమియా ఎముకల మూలుగలో పుట్టు రక్త కేన్సరు. పక్వము కాని కణములు అదుపు లేక పెరిగి, మంచి రక్తకణములకు చోటు లేకుండ చేయును. జన్యువులలో కలుగు మార్పులే, అనగా ఉత్పరివర్తనములే, దీనికి మూలము. ఏ జన్యువు మారినదో తెలిసినచో వ్యాధి పరిణామమును కొంతవరకు ఊహించవచ్చును. ఇందుకై యూరోపియన్ లుకేమియా నెట్ అను నిపుణుల సంఘము ఒక పట్టికను కూర్చి, 2017లోను, 2022లోను సవరించినది. రోగులను అనుకూల, మధ్యమ, ప్రతికూల వర్గములుగా విభజించు ఈ పట్టికను వైద్యులు విరివిగా వాడుచున్నారు. దాని గుణదోషములను చూతము.

దీని గుణము, ఏ జన్యువునూ ఒంటరిగా తూచకపోవుట. ఎన్‌పీఎం1 అను జన్యువు మారుట సాధారణముగా అనుకూల లక్షణము. కాని ఎఫ్‌ఎల్‌టీ3 జన్యువులో ఒక భాగము రెట్టింపైనచో, అదే రోగి మధ్యమ వర్గములోనికి దిగును. 1,540 మంది రోగుల జన్యువులను శోధించి 2016లో ప్రకటించిన పరిశోధన కూడ, మార్పుల కలయికను బట్టి ఫలితము మారునని చూపినది.

దోషము వర్గముల పేర్లలో ఉన్నది. "ప్రతికూలము" అన్నపుడు అది జన్యువు స్వభావమే అనిపించును. నిజమునకు 2022 పట్టిక తీవ్రమైన కీమోథెరపీ పొందినవారి అనుభవముపై ఆధారపడినది. అట్టి చికిత్సకు తట్టుకోలేని వృద్ధులు ఈ వ్యాధిగ్రస్తులలో అనేకులు. వారికి ఎజాసైటిడిన్, వెనెటోక్లాక్స్ వంటి మందులిత్తురు. వారికొరకు ఆ సంఘమే 2024లో వేరొక పట్టికను ప్రకటింపవలసి వచ్చినది. మొదటి దానిలో ప్రతికూలమైన ఏఎస్‌ఎక్స్‌ఎల్1 మార్పు, ఎఫ్‌ఎల్‌టీ3, రాస్, టీపీ53 దోషములు తోడు లేనపుడు, రెండవదానిలో అనుకూలమైనది!

ఈ జాతికే చెందిన ప్రోమైలోసైటిక్ లుకేమియా ఒకప్పుడు అతివేగముగా ప్రాణము తీసెడిది. ట్రెటినోయిన్, ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ల వలన నేడు అత్యధికులు కోలుకొనుచున్నారు. దాని క్రోమోజోముల దోషము మారలేదు; మందు మారినది.

అట్లని పట్టికను తోసివేయరాదు. టీపీ53 దోషము రెండు పట్టికలలోను ప్రతికూలమే. దానిని లొంగదీయు చికిత్స ఇంకను రావలెను. మరియు చికిత్స నడుచుచుండగా చేయు పరీక్షలు తొలి అంచనాను సరిదిద్దగలవు. 2016లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధనలో, రెండు విడతల కీమోథెరపీ తరువాత రక్తములో ఎన్‌పీఎం1 మార్పు జాడ మిగిలినవారిలో మూడేండ్లలో వ్యాధి తిరుగబెట్టు అవకాశము 82 శాతము. మిగలనివారిలో 30 శాతము.

కావున పట్టిక పేరులోనే, అది ఏ చికిత్సకు వర్తించునో స్పష్టముగా ఉండవలెను. రోగికి "మీది ప్రతికూలము" అని మాత్రమే చెప్పుట సగము నిజము. "ఈ మందులతో ఇట్టివారిలో కనబడిన ఫలితమిది" అనుట పూర్తి నిజము. మొదటి మాట విన్న కుటుంబము చికిత్సనే మానుకొనవచ్చును. రెండవది విన్నవారు, వేరొక మందు కలదా అని అడుగుదురు.