మాట ఆగిన చోట కిన్నెర: పండుగ సాయన్న కథాగానంలో వాద్య ముగింపు

1. ఉపోద్ఘాతం:

పాలమూరు ప్రాంతపు జానపద వీరగాథలలో పండుగ సాయన్న కథ ప్రసిద్ధమైనది. ఉన్నవారి నుండి దోచి లేనివారికి పంచిన వీరునిగా జనం ఆయనను తలచుకుంటారు. ఈ కథను కిన్నెరపై గానం చేసేవారిలో దర్శనం మొగిలయ్య సుప్రసిద్ధుడు. ఆయనది పూర్వపు మహబూబ్‌నగర్, నేటి నాగర్‌కర్నూల్ జిల్లా. 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఈ తరహా కథాగానంలో గాత్రం ఆగిన తర్వాత కిన్నెరపై మిగిలే చిన్న వరుసకు గల కథనప్రాధాన్యాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వాద్యం - కథనం:

వెదురు దండి, ఎండిన సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు, తీగలు కిన్నెరకు ప్రధానాంగాలు. మొగిలయ్య వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. ఇందులో గాయకుడే వాదకుడు. గొంతు విరామం తీసుకున్న చోట వేళ్లు అదే వరుసను అందుకుంటాయి. కథ నడుస్తున్నంతసేపు ఆ వాద్యఖండం తర్వాతి చరణానికి దారి తీస్తుంది. సాయన్న మరణంతో కథ పూర్తయ్యాక వినిపించే వరుస కూడా అదే. కాని దాని వెనుక మరో చరణం రాదు. శ్రోత అలవాటుగా మాట కోసం ఎదురుచూస్తాడు. విషాదాన్ని తెలిపేది కొత్త రాగం కాదు, తీరని ఆ ఎదురుచూపే.

2021లో వెలువడిన ‘భీమ్లా నాయక్’ శీర్షికాగీతం మొగిలయ్య గానంతో ఆరంభమవుతుంది. అక్కడ అది నాయకుని రాకకు నాంది. ఆ పాట ఆయన పేరును ఊరూరా చేర్చింది. అయితే నాందిగా మాత్రమే విన్నవారికి, కిన్నెర భరతవాక్యం కూడా పలకగలదని తెలిసే అవకాశం తక్కువ.

3. ముగింపు:

గేయసంకలనాలలో చివరి పాదం వద్దే పాఠం ముగుస్తుంది. ఆ ముద్రితపాఠాన్నే ఆధారంగా తీసుకొని గాథ వీరరసప్రధానమా, కరుణరసప్రధానమా అని నిర్ణయించడం అసమగ్రం. కథకుడు మాటలతో వీరుణ్ణి కీర్తించి, తీగలతో దుఃఖించి ఉండవచ్చు. కావున క్షేత్రసేకరణలో వాద్యఖండం ఎక్కడ వచ్చింది, ఎంతసేపు సాగింది, ఏ పాదపు వరుసను అనుసరించింది అనే అంశాలను కూడా నమోదు చేయాలి. కిన్నెర పట్టే చేతులు తగ్గిపోతున్న కాలంలో, వదిలేసిన పదాన్ని మరో గాయకుని నోట వినవచ్చునేమో గాని, వదిలేసిన వరుసను తిరిగి పొందడం కష్టం.