జాడీలో గోంగూర, పప్పులో గోంగూర

మా ఈపూరులో గోంగూర తినని ఇల్లు నాకు తెలిసి లేదు. పూటకు సరిపడా తెచ్చుకుని పప్పులో వేస్తాం. ఎక్కువ దొరికితే కడిగి, నీడన గుడ్డ మీద ఆరబెట్టి, నూనెలో మగ్గించి, ఎండుమిర్చి, ఉప్పు కలిపి నూరి జాడీకెత్తుతాం. తడి చుక్క మిగిలినా, ఉప్పు తగ్గినా బూజు పడుతుంది. ఆ అంచనా మా ఇంటి ఆడవాళ్ల చేతికి తెలుసు. ఆ నేర్పంటే నాకు చాలా గౌరవం. కానీ బీపీ ఉన్నవాళ్ల కంచంలోకి ఆ పచ్చడి ముద్దముద్దకూ వస్తుంటేనే నాకు బెంగ.

ఎందుకో తెలియాలంటే ముందు రక్తనాళం సంగతి చూడాలి. దాని లోపలి పొర సన్నని కణాల వరస. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాన్ని సడలిస్తుంది. దీన్ని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. బీపీ ఉన్నవాళ్ల నాళాల్లో సూపరాక్సైడ్ అనే పదార్థం ఎక్కువై ఈ వాయువును కాజేస్తుంది. నాళం బిగుసుకుంటుంది. ఆ సూపరాక్సైడ్‌ను అదుపు చేసేవే యాంటీఆక్సిడెంట్లు: పచ్చిమిర్చిలోని సి విటమిన్, ఎర్ర గోంగూర కాడకు రంగునిచ్చే ఆంథోసయనిన్లు.

అలాగైతే విటమిన్ బిళ్ల మింగితే సరిపోదా? సరిపోలేదు. బ్రిటన్‌లో 20,536 మందిని తీసుకుని, వాళ్లలో సగం మందికి ఐదేళ్లపాటు ఇ, సి విటమిన్లు, బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం ఏమీ తగ్గలేదు. 1997లో అమెరికాలో డ్యాష్ అధ్యయనం కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు పెరుగు దండిగా పెట్టింది. బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సుమారు 11 పాయింట్లు తగ్గింది. ఆకులో ఉన్నది ఒక్క విటమిన్ కాదు. పొటాషియం, పీచు కూడా కలిసి పనిచేస్తాయి.

ఎర్ర గోంగూర కాయను కప్పి ఉండే ఎర్రటి రేకులతో కాచిన టీ మీద అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం 2010లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. బీపీ మందులు వాడని 65 మందికి, ఆ టీ గానీ ఉత్తుత్తి పానీయం గానీ, రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు ఇచ్చారు. టీ తాగినవాళ్లలో పై అంకె 7 పాయింట్ల మేర తగ్గింది, ఉత్తుత్తి పానీయం తాగినవాళ్లలో ఒకటికి కాస్త పైగా. ఇది మన ఆకు పచ్చడికి వర్తిస్తుందని చెప్పలేం.

రోజంతా కలిపి ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జాడీ పచ్చడి ఆ లెక్కను తొందరగా దాటిస్తుంది. నా మాట ఒకటే: ఆకును ఎక్కువగా పప్పులో, పచ్చిమిర్చితో, ఉప్పు తగ్గించి వండండి. ఆకులో పొటాషియం ఉంటుంది కాబట్టి మూత్రపిండాల జబ్బున్నవాళ్లు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

ముప్పై దాటినవాళ్లందరూ ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో బీపీ చూపించుకోండి. బీపీ బిళ్ల మొదలుపెట్టినవాళ్లు, ఆకుకూర తింటున్నామని దాన్ని ఆపకండి.