మొరతో మొదలయ్యే నమ్మిక

కష్టం వచ్చినప్పుడు తెలుగు క్రైస్తవుల ఇంట్లో ముందుగా బయటికి వచ్చేది పాటల పుస్తకం. పంట పోయినా, మనిషి పోయినా, తెల్లారితే ఆపరేషన్ అన్నా సంఘంలోని పదిమంది ఆ ఇంటికి చేరతారు. చాపలు పరుస్తారు. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. వాక్యం, ప్రార్థన ఆ తర్వాతే. వరంగల్ జిల్లా నర్సంపేట చుట్టూ ఖానాపురం, చెన్నారావుపేట, నెక్కొండ, దుగ్గొండి పల్లెల్లోని చిన్నచిన్న సంఘాల్లోనూ వరుస ఇదే. దేవుని మీద భారం వేయడమన్నది ప్రసంగం వింటే వచ్చేది కాదు. నలుగురిలో కూర్చుని, పాట వెంట పాట పాడి, ఏళ్ల తరబడి నేర్చుకోవలసిన సాధన అది. ఆ సాధనకు ఒక పద్ధతి ఉంది, దాన్ని తెలుగులో పండించిన మహానుభావులు ఉన్నారు.

ఆ పద్ధతికి మూలం బైబిలులోనే ఉంది. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. పదమూడో కీర్తనలో భక్తుడు ఎంతకాలమని నాలుగుసార్లు నిలదీస్తాడు. ఆరే వచనాల ఆ చిన్న కీర్తన చివరికి పాటగా మారుతుంది. ఎనభై ఎనిమిదో కీర్తన అలా మారదు, చీకటిలోనే ఆగిపోతుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. సర్వం పోగొట్టుకున్న యోబు తన మాటలను అదుపులో పెట్టుకోలేదు. చివరికి దేవుడు తప్పుపట్టింది యోబును కాదు, అతనికి నీతులు చెప్పిన స్నేహితులను. హబక్కూకు ప్రవక్త తన గ్రంథం చివర అంజూరం, ద్రాక్ష, ఒలీవ, పొలంలో పైరు, దొడ్డిలో గొర్రెలు, సాలలో పశువులు అంటూ పోయినవాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టి, అది పూర్తయ్యాకే ఆనందిస్తానంటాడు. 2021-22లో నల్ల తామర పురుగు సోకి మిరప తోటలు పూత దశలోనే మాడిపోయిన వరంగల్ ప్రాంతపు రైతుకు ఈ వరుసను విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. ముందు నష్టం పేరు పెట్టి చెప్పుకోవాలి, నమ్మిక మాట ఆ తర్వాత రావాలి. క్రైస్తవ విశ్వాసంలో కష్టాన్ని మోసే విద్యకు ఇదే మొదటి సూత్రం.

తెలుగు కీర్తన నిర్మాణం ఈ సూత్రానికి చక్కగా అమరింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ముఖారి, శంకరాభరణం, మోహన, ఆది తాళం, ఏక తాళం అంటూ కచేరీ పట్టికలో ఉండే పేర్లే కనిపిస్తాయి. పల్లవిలో వేడుకోలు ఉంటుంది. చరణాలు కష్టాన్ని మెట్టుమెట్టుగా విప్పుతాయి. ప్రతి చరణం తర్వాత పల్లవి తిరిగి వస్తుంది. అసలు కిటుకు ఈ తిరిగి రావడంలోనే ఉంది. మొదటిసారి పాడినప్పుడు పల్లవి ఒట్టి వేడుకోలే. నాలుగు చరణాల బాధ చెప్పుకున్నాక అవే మాటలు నోట్లోకి వస్తే వాటి బరువు వేరు. అక్షరం రాని కూలి మనిషికి కూడా పల్లవి రెండుసార్లు వింటే పట్టుబడుతుంది. ప్రాస దొరికితే చరణం జ్ఞాపకంలో నిలుస్తుంది. ముందు పాడేవారు పాదం అందిస్తే వెనకవాళ్లు దాన్ని తిరిగి పాడతారు. అందువల్ల ఏడుపుతో గొంతు పెగలని మనిషి ఆగిపోయినా పాట ఆగదు, పక్కవాళ్ల గొంతులు మోస్తాయి.

ఈ విద్యలో తొలి గురువు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టాడు. ఒడియా, తెలుగు, సంస్కృతం చదివిన బ్రాహ్మణుడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తనవాళ్లకు దూరమై, 1890లో కన్నుమూసేదాకా సువార్త చెబుతూ, పాటలు కడుతూ బతికాడు. కులం, ఇల్లు, గౌరవం పోగొట్టుకున్న మనిషి రాసిన కీర్తనల్లో ఎక్కడా లోటు కనబడదు. త్యాగరాజు ఇంకా బతికి ఉన్న కాలంలోనే, ఆ కీర్తన అచ్చునే చేతబట్టి, క్రీస్తు ఎదుట నిలబడిన పాపి మొరను అందులో పోశాడు. ఆయన రాసిన త్రాహిమాం క్రీస్తునాథ కీర్తనను ఇన్నేళ్లయినా సంఘాల్లో పాడుకుంటూనే ఉన్నారు. సంస్కృత సమాసం మధ్యలోంచి బిడ్డ తండ్రిని పిలిచినంత సూటిగా పిలుపు దూసుకొస్తుంది. పండిత భాషతో అంత నిస్సహాయతను పలికించడం మరొకరికి చేతకాలేదు. తెలుగు సాహిత్య చరిత్రలు ఆయనకు ఒకటి రెండు వాక్యాలు విదిల్చి ముందుకు పోవడం పెద్ద అన్యాయం.

ఆ తర్వాత చెప్పవలసిన పేరు ఎ.బి. మాసిలామణి. 1914లో పుట్టి 1990లో పోయిన ఈ బాప్తిస్టు బోధకుడు రాసిన నడిపించు నా నావ తెలియని తెలుగు క్రైస్తవుడు ఉండడు. లూకా సువార్త అయిదో అధ్యాయంలో పేతురు రాత్రంతా వల వేసి ఒక్క చేపా దొరకక వలలు కడుక్కునే సన్నివేశం ఆ పాటకు పునాది. మామూలు కవి అయితే తుపానులో చిక్కిన పడవను ఒడ్డుకు చేర్చమని అడిగేవాడు. మాసిలామణి పాటలో మనిషి నిలబడింది ఒడ్డునే. అపజయం మోస్తూ, నలిగిన గుండెతో ఉన్నాడు. అతను అడిగేది లోతుకు నడిపించమని! ఓడిపోయిన చోటికే, ఖాళీ వల చేతికొచ్చిన నీళ్లలోకే మళ్లీ వెళ్లే ధైర్యం అడుగుతున్నాడు. మరో చరణంలో రాత్రంతా పడిన శ్రమకు ఫలితం రాలేదని దాపరికం లేకుండా చెప్పేస్తాడు. ఆపైన ఇంకా కష్టమైన పని చేస్తాడు. తనను తాను అర్పించుకోకుండానే దేవుని స్నేహం కోరుకున్నానని, ప్రార్థన మానేశానని ఒప్పుకుంటాడు. నష్టం, శ్రమ, తప్పు మూడూ బయటపడ్డాక పల్లవి తిరిగొస్తుంది. అప్పుడు ఆ పాట పాడే మనిషి పడవ చుక్కాని నిజంగానే వదిలేస్తాడు. విశ్వాసం గురించి తెలుగులో ఎన్ని పుస్తకాలు వచ్చినా ఈ అయిదారు నిమిషాల పాటకు సాటి రావు.

ముంగమూరి దేవదాసు అయ్యగారిది మరో దారి. 1938లో బైబిలు మిషను స్థాపించిన ఆయన మనోవిచారము కూడదు నీకు అనే పాటలో మొరకు బదులు ఓదార్పు ఎత్తుకున్నాడు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి చెప్పినట్టు ఉంటుంది. దుఃఖం కొత్తగా ఉన్న ఇంట్లో మొర పాటలు, కొంత తేరుకున్నాక ఇలాంటివి పాడాలని అనుభవం ఉన్న పెద్దలు ఎంచుకుంటారు. ఆ ఎంపికే ఒక నైపుణ్యం.

ఈ సంప్రదాయం పెరిగినప్పుడూ చుట్టూ కష్టమే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు పని ఇచ్చాడు. కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మెదక్ గుడి కూడా కరువులో తిండి కోసం వచ్చినవాళ్ల చేతుల మీదే లేచిందంటారు. వరంగల్ వైపు వస్తే డోర్నకల్ పేరు చాలు. 1912 డిసెంబరు 29న అభిషేకం పొందిన అక్కడి బిషప్పు, తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య తమిళుడు. అయినా తెలుగు నేర్చి, పాలేర్లుగా, కూలీలుగా బతికే మాల మాదిగ విశ్వాసులకు వాళ్ల బాణీల్లోనే భజనలు, కీర్తనలు ఉండాలని పట్టుబట్టాడు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కథీడ్రల్‌ను విలాయతి నమూనాలో కాకుండా ఈ నేల శిల్పంతో కట్టించిందీ ఆయనే.

పాటకు జోడీ సాక్ష్యం. మంచి సాక్ష్యానికీ కీర్తన నడకే ఉంటుంది. పల్లె సంఘంలో పెద్దావిడ లేచి, అయ్యగారికి, సంఘానికి వందనాలు చెప్పి, కొడుకు జబ్బు పడిన రోజు నుంచి మొదలుపెడుతుంది. ఎంత అప్పు చేసిందో, ఎవరి ముందు చెయ్యి చాచిందో చెబుతుంది. ఎన్ని శుక్రవారాలు ఉపవాసముండి మోకాళ్లూనినా జవాబు రాలేదో దాచకుండా చెబుతుంది. జబ్బు నయమైనా సాక్ష్యమే. కొడుకు దక్కకపోయినా, దేవుడు నన్ను విడువలేదని నిలబడి చెప్పగలిగితే అదీ సాక్ష్యమే, అదే గొప్ప సాక్ష్యం. అలాంటిది విన్నాక సంఘమంతా నిశ్శబ్దమైపోతుంది. కాసేపటికి ఎవరో ఒకరు సన్నగా పాట ఎత్తుకుంటారు.

ఇప్పుడు జరుగుతున్నది చూస్తే కడుపు మండుతుంది. మొరను కోసేసి విజయం ఒక్కటే అమ్ముతున్నారు. ఈ నెలలో నీ కొట్లు నిండుతాయని, నీ శత్రువు కూలుతాడని, ఈ నూనె సీసా కొంటే రోగం పోతుందని వేదిక ఎక్కి కేకలు పెడుతున్నారు. రోగం పోకపోతే తప్పు రోగిదట, విశ్వాసం చాల్లేదట! యోబు స్నేహితులు చేసిన పాపం కూడా ఇదే. కాకపోతే వాళ్లు కనీసం యోబు దగ్గర కానుక పట్టలేదు. అప్పుల్లో ఉన్న మిర్చి రైతు చేత ఇంకో అప్పు చేయించి కానుక పెట్టించుకునే బోధను సువార్త అనడానికి నోరు రాకూడదు. పాటల సంగతీ అంతే. సినిమా బాణీకి యేసు పేరు అతికించి, రిథమ్ ప్యాడ్ మోత పెంచి, నాలుగే మాటలు నలభైసార్లు తిప్పితే ఆరాధన అనిపించుకుంటోంది. పదాలకు ప్రాస లేదు, మనిషి కష్టానికి పేరు లేదు. పాత కీర్తన పాడినా రెండు చరణాలు పాడి వదిలేస్తారు. సాధారణంగా వదిలేసేది ఒప్పుకోలు ఉన్న చరణమే. స్పీకర్లు చెవులు హోరెత్తిస్తుంటే పక్కవాడి గొంతు వినపడదు. దుఃఖంలో ఉన్నవాడి పాటను మోసేదెవరు?

కొత్త పాటలన్నీ చెడ్డవని కాదు. బాధను దాచకుండా పలికిన కొత్త గీతాలు అక్కడక్కడా వస్తున్నాయి, వాటిని పల్లెలు వెంటనే పట్టుకుంటున్నాయి కూడా. కానీ రాగం తెలిసి కీర్తన ఎత్తుకోగలిగినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. పుస్తకంలో రాగం పేరు చూసి పాడగలిగే సంఘ కాపరులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. బైబిలు కళాశాలలు గ్రీకు నేర్పుతున్నాయి, సంతోషమే. దాని పక్కన వారానికో గంట కీర్తన నేర్పితే, దుఃఖంలో ఉన్న ఇంట్లో ఆదరణ కూటానికి వెళ్లిన కాపరికి ఎత్తుకోవడానికి పాటైనా ఉంటుంది. నర్సంపేట పల్లెల్లో పాత వరుసలు తెలిసిన అమ్మమ్మల దగ్గర ఫోను పెట్టి అన్ని చరణాలూ పూర్తిగా పాడించి దాచుకునే పని సంఘాల యువత ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. కావలసిన ఫోన్లు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.